కూకట్‌పల్లి వాన ఏ డబ్బాలో?

హైదరాబాద్‌లో ఏ పేటలో ఎంత వాన పడిందో ఒక్కో ఫైల్లో ఉందనుకుందాం. ఒక్కోదాన్నీ చదివి, ఆ పేట పేరుతోనే ఒక్కో వేరియబుల్ పుట్టించాలని పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు అనిపిస్తుంది. దారీ ఉంది. గ్లోబల్స్ ఫంక్షన్‌ని పిలిస్తే ప్రోగ్రాంలోని పేర్ల పట్టీ చేతికొస్తుంది. లూప్ తిప్పుతూ అందులోకి ఎక్కించేయడమే.

చిక్కు తర్వాత మొదలవుతుంది. మొత్తాలున్న ఫైలుకు ఎవరో 'సమ్' అని పేరు పెట్టారు. పైథాన్‌లో కూడికలు చేసే సమ్ ఫంక్షన్ ఆ దెబ్బకి మరుగునపడిపోతుంది. వంద లైన్ల దిగువన కూడిక దగ్గర ప్రోగ్రాం ఆగితే, కారణం వెతకడానికి పూట గడిచిపోతుంది. పైగా ఈ పేర్లు కోడ్‌లో ఎక్కడా రాసి ఉండవు కాబట్టి ఎడిటర్‌కూ అవి తెలియవు. ఫంక్షన్ లోపల లోకల్స్‌తో ఇదే ఎత్తు వేద్దామంటే అసలు పారదు: 2024లో వచ్చిన పైథాన్ 3.13 నుంచి అక్కడ పిలిచిన ప్రతిసారీ దొరికేది కొత్త నకలే.

అందుకే పుట్టినవన్నీ ఒకే డబ్బాలో వేయాలి. ఒకప్పుడు దీనికోసం ఎవరికి వాళ్లు ఒక ఖాళీ క్లాస్ రాసుకునేవారు. 2012లో పైథాన్ 3.3తో టైప్స్ మాడ్యూల్లోకి సింపుల్‌నేమ్‌స్పేస్ వచ్చాక ఆ శ్రమ తప్పింది. సెట్‌ఏట్ర్‌కి డబ్బా, పేరు, విలువ ఇస్తే చాలు, ఆపైన, డబ్బా పేరు వాన అయితే, వాన.గచ్చిబౌలి అని చుక్క పెట్టి అడగొచ్చు. కమాండ్ లైన్ ఆప్షన్లను ఆర్గ్‌పార్స్ తిరిగిచ్చేదీ ఇలాంటి డబ్బాలోనే.

వాన.గచ్చిబౌలి అన్నది మాటవరసకు కాదు. 2008లో వచ్చిన పైథాన్ 3.0 నుంచి తెలుగు పేర్లు నిజంగానే చెల్లుతాయి. కానీ వాన.కూకట్‌పల్లి అని రాస్తే సింటాక్స్ ఎర్రర్! పొల్లు టకారం కింద పకారం ఒత్తుగా చేరకుండా మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది, దాన్ని పైథాన్ పేర్లలో ఒప్పుకోదు. ఎల్బీ నగర్‌కి మధ్యలో ఖాళీ అడ్డం. సెట్‌ఏట్ర్ ఈ రెండింటినీ నోరెత్తకుండా లోపలికి తీసుకుంటుంది; చుక్కతో మాత్రం బయటికి రావు, గెట్‌ఏట్ర్‌ని బతిమాలాల్సిందే.

పేర్లు మనం ముందే ఎంచుకున్నవైతే చుక్క హాయి. డేటాలోంచి ఊడిపడేవైతే మామూలు డిక్షనరీయే మేలు: కొటేషన్లలో ఏ పేరైనా ఇమిడిపోతుంది, 3.7 నుంచి ఎక్కించిన వరుసలోనే తిరిగొస్తుంది. అక్కడా ఆ కనపడని అక్షరంతో జాగ్రత్త. 'ఉప్పల్' చివర అదొకటి అంటుకుని ఉంటే తెరమీద తేడా తెలియదు, వెతికితే మాత్రం కీఎర్రర్ వస్తుంది.