వ్యాను పాతది... జబ్బు చిన్నది!

పెనుబల్లి: శివరాత్రి నాటి రాత్రి. నీలాద్రి కొండ కింద జాతర మంచి ఊపు మీదుంది. బొమ్మల దుకాణాలు, మరమరాల కొట్లు, పుల్లఐసు బళ్లు, జాగారం చేసే జనం. ఓ వరస దుకాణాలకు వెలుగిస్తున్నది ఒక పాత మెటాడోర్ వ్యాను. అది మా బావది. వెనక జనరేటర్, మధ్యలో మైక్‌సెట్ పెట్టెలు, ముందువైపు పడుకోవడానికి రెండు చెక్కబల్లలు. ఓ మూల గ్యాసుపొయ్యి, నీళ్ల డ్రమ్ము. ఏడాదిలో నాలుగు నెలలు ఆయనకు ఇల్లూ కొట్టూ అదే. భద్రాచలం శ్రీరామనవమికి, మేడారం జాతరకు, చుట్టుపక్కల పెళ్లిళ్లకు... బేరం ఎక్కడుంటే వ్యాను అక్కడ.

పన్నెండు దాటాక జనరేటర్ ఒకసారి దగ్గింది. ఆగింది. ఆ వరస అంతా చీకటి.

తాడు లాగితే బుర్రుమని లేస్తుంది. పది లెక్కపెట్టేలోగా పడిపోతుంది. ఇక చూడండి, వైద్యులకు కొదవేమిటి! ఒకరు ప్లగ్గు విప్పి గీకారు. ఒకరు కార్బొరేటర్ ఊదారు. ఇంకొకరు పెట్రోలు కల్తీదని తేల్చేసి పారబోయించారు. గంటన్నర గడిచింది. ‘డబ్బులు ముందే తీసుకున్నావు కదా’ అని దుకాణాలవాళ్లు బావ మీదకు వచ్చారు. రెండు రోజుల సంపాదన ఆ రాత్రితో పోయేట్టుంది.

చివరికి వీఎం బంజర నుంచి ఒక పెద్ద మిస్త్రీని మోటారుసైకిలు మీద ఎక్కించుకొచ్చారు. ఆయన జనరేటర్ వంక చూడనేలేదు. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు. "బండి గుట్టవాలున నిలబెట్టావేందిరా?" అన్నాడు. "జాగా లేదు బాబాయ్" అన్నాడు బావ. అంతే. వ్యానును నలుగురూ తోసి చదును నేలకు తెచ్చారు. పుల్లతో ఇంజనాయిలు చూసి, పావు లీటరు పోయించాడు. ఒక్క లాగుకు జనరేటర్ లేచింది. తెల్లారేదాకా ఆగలేదు.

సంగతి ఏమిటంటే, ఈ రోజుల్లో వచ్చే చిన్న జనరేటర్లలో ఆయిలు తగ్గితే ఇంజను పట్టేయకుండా ఒక ఏర్పాటు ఉంటుంది. ఆయిలు మట్టం తక్కువైనట్టు కనిపించగానే అది ప్లగ్గుకు నిప్పురవ్వ అందకుండా చేస్తుంది. అసలే ఆయిలు కాస్త తక్కువ, ఆపైన బండి వాలుగా ఉంది. ఉన్న ఆయిలు ఓ పక్కకు జరిగింది. పాపం, జనరేటర్ తన ప్రాణం తాను కాపాడుకుంది! మనం దాని ముక్కూ నోరూ విప్పాం.

రథం నాటి మాట

బండినే ఇల్లు చేసుకుని తిరగడం మనకు కొత్తేమీ కాదు. 1982లో తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి.రామారావు ఊరూరా తిరిగిన చైతన్యరథం పాత షెవర్లే వ్యానే. కుమారుడు హరికృష్ణ దాన్ని నడిపారు. పైన నిలబడి మాట్లాడేందుకు వేదిక, మైకులు, దీపాలు. 1983 జనవరి ఎన్నికల దాకా అది రోడ్ల మీదే ఉంది. మైకూ దీపాలూ ఉన్న బండికి బ్యాటరీయే ప్రాణమని ఆ రోజుల్లో మైక్‌సెట్ పని చేసినవాళ్లెవరిని అడిగినా చెబుతారు.

జాతర మర్నాడు టీ తాగుతూ ఆ మిస్త్రీని కదిలించాను. ట్రాక్టర్ల వైరింగుతో మొదలుపెట్టి నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాడాయన. చదివింది ఏడో తరగతి. ఆయన చెప్పినవి, ఆ తర్వాత నేను బావ వ్యానులో కళ్లారా చూసినవి కలిపి రాస్తున్నాను. మన మండలంలో మైక్‌సెట్, షామియానా, టిఫిన్ బండ్లవాళ్లు చాలామందే ఉన్నారు కదా.

ముందు ఏ కరెంటో తేల్చాలి

ఇలాంటి వ్యానులో రెండు రకాల కరెంటు ఉంటుంది. బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టులు ఒకటి. జనరేటర్ ఇచ్చే 230 వోల్టులు రెండోది. దీపం వెలగలేదంటే అది దేని మీద నడిచే దీపమో ముందు చూసుకోవాలి. ఫ్యాను బ్యాటరీది అయితే జనరేటర్ విప్పి లాభమేమిటి? ఇది చెప్పుకోవడానికి చిన్న మాటే. కానీ మిస్త్రీ దగ్గరకు వచ్చే రిపేర్లలో సగం ఇక్కడే తప్పుదారి పడతాయట.

బ్యాటరీ సంగతి మీటరుతో రెండు నిమిషాల్లో తేలుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచి పొద్దున్నే చూడాలి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక వంతు. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. తర్వాత సెల్ఫ్ కొడుతూ చూడాలి. ముల్లు 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ నీరసించినట్టే. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. అలా కాక 12.5 దగ్గరే ఉండిపోతే చార్జింగు లేదు. బెల్టు వదులో, బ్రష్‌లు అరిగాయో చూడాలి. 15 దాటిందా, రెగ్యులేటర్ చెడింది. అప్పుడు బ్యాటరీ లోపల నీళ్లు కుతకుత ఉడుకుతాయి. ‘నీళ్లు నెలనెలా పోస్తున్నా సరిపోవట్లేదు’ అనేవాళ్లు బ్యాటరీని తిట్టే ముందు ఈ అంకె చూసుకోవడం మంచిది.

పోసేది డిస్టిల్డ్ వాటరే అయి ఉండాలి. బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు పలకలను తినేస్తాయి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూసే బూజును వేడినీళ్లలో వంటసోడా కలిపి కడగాలి. తుడిచి ఆరబెట్టి, బిగించి, గ్రీజు రాయాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. చార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దాని పక్కన బీడీ ముట్టించారో, మీసాలతో పోతే అదృష్టమే.

మా బావ వ్యానులో మొదట ఒకటే బ్యాటరీ. రాత్రి ఫ్యానూ, పాటలూ, సెల్‌ఫోన్ల చార్జింగూ అన్నీ దాని మీదే. తెల్లారి సెల్ఫ్ కొడితే ‘టక్, టక్’. జాతరలో నిద్రలేచినవాళ్లంతా బండి తోయాల్సిందే. మిస్త్రీ రెండో బ్యాటరీ పెట్టించి, మధ్యలో ఒక రిలే వేశాడు. ఇంజను నడిచినంతసేపు రెండూ చార్జవుతాయి. ఆపగానే రిలే తెగి రెండూ వేరవుతాయి. పాటలు ఎంతసేపు పాడినా సెల్ఫ్ బ్యాటరీ జోలికి పోవు.

బల్బు చేసే పంచాయితీ

మీటరు లేనివాళ్లూ బెంగపడక్కర్లేదు. 12 వోల్టుల ఇండికేటర్ బల్బు ఒకటి, రెండు తీగముక్కలు చాలు. ‘అన్నీ ఆపేసి పడుకున్నాను, పొద్దుటికి బ్యాటరీ దిగిపోయింది’ అనే గోడు ఉంటుంది చూడండి, దానికి ఈ బల్బే మందు. తాళంచెవి తీసేసి, స్విచ్చులన్నీ ఆపి, బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. విప్పిన తీగకూ బ్యాటరీకీ మధ్య ఈ బల్బు పెట్టండి. బల్బు వెలిగిందా, ఎక్కడో కరెంటు కారుతోంది. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. ఏ ఫ్యూజు పీకితే బల్బు ఆరిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. బావ వ్యానులో ఆ దొంగ పాటల పెట్టె. బటన్ ఆపినా లోపల మెలకువగానే ఉంటోంది.

రెండో తగువు ఎర్త్‌ది. పాత బండ్లలో బాడీ తుప్పు పట్టి ఉంటుంది. బ్యాటరీ మైనస్ నుంచి ఛాసిస్‌కు, అక్కడి నుంచి ఇంజనుకు వెళ్లే పట్టీ బోల్టు కింద తుప్పు చేరితే విడ్డూరాలన్నీ జరుగుతాయి. హారన్ కొడితే దీపాలు మందగిస్తాయి. ఇండికేటర్ వేస్తే వేరే బల్బు మినుకుమంటుంది. కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ మూలుగుతుంది. మందపాటి జంపర్ తీగ ఒకదాన్ని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజనుకు తగిలించి సెల్ఫ్ కొట్టి చూడండి. చటుక్కున తిరిగిందంటే తప్పు ఎర్త్‌దే. బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి బిగిస్తే సరిపోతుంది. ఈ సంగతి తెలియక వేలు పోసి కొత్త బ్యాటరీ కొన్నవాళ్లను నేను ఇద్దరిని ఎరుగుదును. అందులో ఒకణ్ణి నేనే.

అడవి పక్క ఊళ్లకు ఇంకో బెడద ఉంది. ఎలుకలు, ఉడుతలు. వానాకాలమంతా చెట్టు కింద ఆపిన వ్యానులో తీగల మీది రబ్బరు కొరికేస్తాయి. కందిరీగలు సైలెన్సర్ గొట్టంలో, గాలి వడపోత డబ్బాలో మట్టిగూళ్లు పెడతాయి. బయటికి తీసే ముందు బ్యానెట్ ఎత్తి చూడకుండా తాళం తిప్పకూడదు.

ఫ్యూజు పోతే సిగరెట్ కాగితం చుట్టేవాళ్లు, రాగితీగ పెట్టేవాళ్లు ఉన్నారు. ఫ్యూజు పోయిందంటే అది తన పని చేసిందని అర్థం. 12 వోల్టుల మీద 120 వాట్ల సామాను నడిస్తే తీగలో 10 ఆంపియర్లు పారతాయి. అదే సామాను ఇంటి కరెంటు మీదైతే అర ఆంపియరే. అందుకే వ్యానులో తీగ లావుగా ఉండాలి. సన్నతీగ, దానికి తోడు రాగితీగ ఫ్యూజు... చెక్కబల్లలూ పరుపులూ ఉన్న బండి కాలిపోవడానికి ఎంతసేపు?

జనరేటర్ అలక

ఇంజను లేవకపోతే నాలుగే చూడాలంటాడు మిస్త్రీ: ఆయిలు, పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. ఆయిలు ఎందుకు మొదటో నీలాద్రిలో చూశాం. నెలల తరబడి నిలవున్న పెట్రోలు కార్బొరేటర్‌లో జిగురై సన్నరంధ్రాలను మూసేస్తుంది. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి వచ్చారు. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. పాత ఇంజన్ల రబ్బరు గొట్టాలకూ అది పడదు. కాబట్టి సీజను అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో ఉన్నదీ అయిపోయేదాకా నడిపి ఆపడం మేలు.

1980ల చివర్లో పెట్రోలుతో లేపి కిరోసిన్ మీద నడిపే చిన్న జనరేటర్లు పెళ్లిళ్లలో తెగ తిరిగాయి. వాటిని ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చి కాసేపు నడపాలి. మరిచిపోయినవాడు మర్నాడు తాడు లాగి లాగి భుజం నొప్పి తెచ్చుకునేవాడు.

లేచి, పావుగంట నడిచి, పడిపోయి, కాసేపాగితే మళ్లీ లేస్తోందా? ట్యాంకు మూత వదులు చేసి చూడండి. మూతకు ఉండే గాలి రంధ్రం మట్టితో మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు.

ఇంజను బాగానే నడుస్తోంది, కరెంటు మాత్రం లేదు. అప్పుడు ముందు బ్రేకర్ పడిపోయిందేమో చూడాలి. తర్వాత కార్బన్ బ్రష్‌లు. అవీ బాగుంటే, ఎక్కువకాలం వాడక లోపలి ఇనుములో మిగలాల్సిన అయస్కాంత శక్తి పోయి ఉండొచ్చు. మిస్త్రీలు దానికి బ్యాటరీ కరెంటు క్షణకాలం తగిలించి మళ్లీ జీవం పోస్తారు. ఇది మాత్రం తెలిసినవాడి చేతే చేయించాలి. తీగ తారుమారైతే ఉన్నదీ కాలుతుంది.

బరువు సంగతీ చూసుకోవాలి. రెండు కేవీఏ జనరేటర్ నుంచి మనకు దక్కేది సుమారు 1,600 వాట్లు. వెయ్యి వాట్ల హాలోజన్ దీపాలు రెండు పెడితే అప్పటికే దాటిపోయింది. వంద వాట్ల ఎల్ఈడీలు ఆరు పెట్టినా ఇంకా వెయ్యి మిగులుతాయి. మోటారున్న సామాను లేచేటప్పుడు తన మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. చెరకురసం మిషను ఆన్ చేయగానే జాతరంతా ఎందుకు మినుకుమంటుందో ఇప్పుడు తెలిసిందిగా.

నిద్రలోనే ప్రాణం తీసే పొగ

మిస్త్రీ ఇక్కడికొచ్చేసరికి గ్లాసు కింద పెట్టాడు. "వైరింగు తప్పైతే దీపం పోద్ది. ఇది తప్పైతే మనిషి పోతాడు" అన్నాడు.

2024 డిసెంబరులో కేరళలోని కోజికోడ్ జిల్లా వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాయువు లోపలికి చేరడమే కారణమని దర్యాప్తులో తేలింది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు జాగాను అది ఆక్రమిస్తుంది. ముందు తలనొప్పి, వాంతి, మగత. నిద్రలో ఉన్నవాడికి ఇవేవీ తెలియవు.

బావ వ్యానులో బల్లలకూ జనరేటర్‌కూ మధ్య ఉన్నది ఒక్క రేకు. ఆ రేకుకు తీగలు దూర్చడానికి కొట్టిన రంధ్రాలు మూడు. శివరాత్రి ముందు రోజు రాత్రి బావ, పనికుర్రాడు జనరేటర్ నడుస్తుండగానే లోపల కునుకు తీశారని అప్పుడు బయటపడింది. పొద్దున్నే ఇద్దరికీ తల దిమ్ముగా ఉంటే జాగారాల అలసట అనుకున్నారట. అక్క ఆ మాట విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు జనరేటర్ కిందికి దింపి, కిటికీలకు దూరంగా, గాలి వాలు చూసి ఇరవై అడుగుల అవతల పెడుతున్నారు. అది నడుస్తున్నంతసేపు వ్యానులో ఎవరూ పడుకోరు. వాననీళ్లు తగలకుండా మీద రేకు, నాలుగు పక్కలా గాలి. ఈ వాయువును పసిగట్టి మోగే చిన్న గంట కూడా దొరుకుతుంది. బావ ఒకటి తెప్పించాడు.

మరో మాట లైన్‌మన్ల కోసం. కరెంటు పోయినప్పుడు కొందరు జనరేటర్ తీగను నేరుగా ఇంటి ప్లగ్గులో గుచ్చుతారు. ఆ కరెంటు మీటరు దాటి, ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి పోయి, 11 వేల వోల్టులై లైను మీదికెక్కగలదు. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కినవాడి గతేమిటి? మార్పిడి స్విచ్ పెట్టుకోకుండా ఆ పని చేయకూడదు.

మిస్త్రీ ఆ రాత్రికి కూలీ తీసుకోలేదు. "పావు లీటరు ఆయిలు పోసినందుకు ఏం తీసుకుంటా?" అన్నాడు. ఎర్త్ పని, రిలే పని మాత్రం లెక్కగా వసూలు చేశాడు.

బావ వ్యానులో ఇప్పుడు రెండు చెక్క దిమ్మెలు, సగం నీళ్లున్న ఒక సీసా ఉంటున్నాయి. ఎక్కడ ఆగినా జనరేటర్ దింపే చోట ముందు సీసాను అడ్డంగా పెట్టి చూస్తాడు. నీళ్లు రెండు కొసలా సమంగా నిలిస్తేనే తాడు పట్టుకుంటాడు.