రెండు పత్రములు, ఒక సంతకము

బోస్టన్ నగర ప్రముఖులు 18 మంది 1772వ సంవత్సరమున ఒక పత్రముపై సంతకములు చేసిరి. అది ఆస్తి క్రయమునకు గాని, రాజకార్యమునకు గాని సంబంధించినది కాదు. కొన్ని ఏండ్ల క్రిందట ఆఫ్రికానుండి తేబడి, ఒక గృహస్థుని యింట దాసిగానున్న ఫిలిస్ అను యువతి ఫలానా పద్యములను స్వయముగ రచించినదని తాము విశ్వసించుచున్నామనియే అందలి సారాంశము. సంతకము చేసినవారిలో మసాచుసెట్స్ గవర్నరు థామస్ హచిన్సన్, ఉపగవర్నరు ఆండ్రూ ఆలివర్, పేరుపొందిన మతాచార్యులు, వర్తకులు కలరు. ఆ వర్తకులలో ఒకడు జాన్ హాన్‌కాక్.

నాలుగేండ్లు గడచినవి. అదే హాన్‌కాక్ మరియొక పత్రముపై అందరికంటె పెద్ద అక్షరములతో సంతకము చేసెను. అది 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన. మానవులందరు సమానులుగా సృష్టింపబడిరని ఆ రెండవ పత్రము చాటుచున్నది. ఒక దాసి తన పద్యమును తానే వ్రాసినదని నమ్ముటకు పదునెనిమిదిమంది సాక్ష్యము కావలసివచ్చినదని మొదటి పత్రము చెప్పుచున్నది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివిననే గాని తొలినాటి అమెరికా చరిత్ర బోధపడదు.

వలసల నాటి వైరుధ్యము

ఉత్తర అమెరికాలో ఇంగ్లీషువారు స్థిరముగ నిలదొక్కుకొనిన తొలి వలస వర్జీనియాలోని జేమ్స్‌టౌన్. అది 1607లో ఏర్పడెను. పండ్రెండేండ్ల పిమ్మట, 1619లో, వర్జీనియాలో రెండు సంఘటనలు జరిగెను. జూలై మాసాంతమున వలసవారు తమ ప్రతినిధులను కూర్చి తొలి శాసనసభ జరుపుకొనిరి. ఆగస్టు మాసాంతమున ఒక ఓడ ఇరువదిమందికి పైగా ఆఫ్రికనులను ఆ తీరమునకు తెచ్చి, ఆహారపదార్థములకు మారుగా వారిని అప్పగించెను. ప్రజాప్రాతినిధ్యమును దాస్యమును ఒకే యేట, ఒకే నేలపై మొలకెత్తినవి.

ఉత్తరముననున్న మసాచుసెట్స్ స్వభావము కొంత వేరు. 1620లో ప్లిమత్ నందును, 1630లో బోస్టన్ నందును దిగినవారు తమ మతవిశ్వాసము ననుసరించి జీవింపగోరి వచ్చినవారు. బైబిలును ప్రతివ్యక్తియు స్వయముగ చదువవలెనని వారి పట్టుదల. అందుచేతనే 1636లో హార్వర్డు కళాశాలకు పునాది పడెను. 1647లో చేసిన శాసనము ప్రకారము 50 కుటుంబములున్న ప్రతి ఊరును చదువను వ్రాయను నేర్పు ఉపాధ్యాయుని నియమింపవలెను. 100 కుటుంబములున్నచో లాటిన్ బోధించు పాఠశాలను నెలకొల్పవలెను. ఉపాధ్యాయుని పోషణ ఊరివారి బాధ్యత యను భావము అచ్చట అంత ప్రాచీనమైనది.

అయినను ఆ మసాచుసెట్సే 1641లో, ఇంగ్లీషు వలసలన్నిటికంటె ముందుగా, బానిసత్వమునకు తన శాసనములో చోటిచ్చెను. అక్షరమును ఆరాధించిన సంఘమే మనిషికి వెలకట్టెను.

అక్షరాభ్యాసము

1761 జూలైలో 'ఫిలిస్' అను ఓడ పశ్చిమాఫ్రికానుండి బందీలతో బోస్టన్ రేవు చేరెను. వారిలో ఒక బాలిక కలదు. ముందరి పాలపండ్లు ఊడియుండుట చూచి ఆమెకు ఏడెనిమిదేండ్లుండునని ఊహించిరి. జాన్ వీట్లీ అను వర్తకుడు తన భార్య సుసానాకు పరిచర్య చేయుటకై ఆ బాలికను కొనెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు చరిత్రలో నిలువలేదు. తెచ్చిన ఓడపేరు ఆమె పేరైనది. కొనినవాని ఇంటిపేరు ఆమె ఇంటిపేరైనది. అట్లు ఆమె ఫిలిస్ వీట్లీ అయ్యెను.

ఆ యింటి కుమార్తె మేరీ ఆమెకు అక్షరములు దిద్దించెను. పదునారు నెలలలో బైబిలులోని కఠినభాగములను సైతము చదువగలిగెనని జాన్ వీట్లీ వ్రాసియున్నాడు. పిమ్మట ఆమె లాటిన్ భాషయందును ప్రవేశము సంపాదించెను. ఇంగ్లీషు కవులలో పోప్ రచనలను శ్రద్ధతో చదివెను. 1767లో ఆమె పద్యమొకటి న్యూపోర్టు పత్రికలో అచ్చయ్యెను. అప్పటికి ఆమెది ఇంచుమించు పదునాలుగేండ్ల ప్రాయము. 1770లో జార్జి వైట్‌ఫీల్డ్ అను సుప్రసిద్ధ మతప్రచారకుడు మరణింపగా ఆమె రచించిన స్మృతిగీతము బోస్టన్‌లోనే గాక లండనులోను అచ్చుపడి ఆమెకు కీర్తి తెచ్చెను.

పరీక్ష

1772లో ఆమె పద్యములను సంపుటముగ ప్రకటింపదలచి చందాదారుల కొరకు ప్రకటన చేసిరి. బోస్టన్‌లో తగినంతమంది ముందుకు రాలేదు. ఒక ఆఫ్రికా దాసి ఇట్టి పద్యములు చెప్పగలదా యను సందేహము లోకమున బలముగ నుండెను. ఆ సందేహ నివారణకే పైన చెప్పిన ధ్రువీకరణ పత్రము పుట్టినది. ఆమెను తగిన విమర్శకులు పరీక్షించిరనియు అందు వ్రాయబడెను.

కవికి పరీక్ష క్రొత్త కాదు. అవధాన సభలో పృచ్ఛకులు కవిని పలువిధముల శోధింతురు. కాని అచ్చట పరీక్షింపబడునది ధార, ధారణ, పద్యపు సొగసు. ఫిలిస్ విషయమున ఆ ప్రశ్న వేరు. పద్యమెట్లున్నదని కాదు, ఆమె జాతివారికి పద్యము చెప్పగల బుద్ధి కలదా యని అడిగిరి. సాక్ష్యము చెప్పిన పెద్దలలో కొందరు స్వయముగ దాసులను కలిగియున్నవారే. వారి సంతకము ఆమె ప్రతిభను ఒప్పుకొనెను, దాస్యమును ప్రశ్నింపలేదు.

బోస్టన్ నిరాకరించిన గ్రంథమును లండను స్వీకరించెను. 1773లో యజమాని కుమారుడు నథానియేల్‌తో ఆమె అచ్చటికి వెళ్లెను. ఇంగ్లండుకు తేబడిన బానిసను బలవంతముగ ఆ దేశమునుండి కొనిపోరాదని మాన్స్‌ఫీల్డ్ ప్రభువు తీర్పు చెప్పి అప్పటికి ఒక సంవత్సరమే అయినది. ఆ వ్యాజ్యమునకు వెన్నుదన్నుగ నిలిచిన గ్రాన్‌విల్ షార్ప్ ఆమెకు లండను నగరమును చూపించెను. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆమెను చూడవచ్చెను. సుసానా జబ్బుపడినదని తెలిసి, గ్రంథము వెలువడకముందే ఆమె తిరుగు ప్రయాణము కట్టెను. సెప్టెంబరులో సంపుటము వెలువడినది. ముఖచిత్రమున ఆమె బల్లయొద్ద కలము పట్టి ఆలోచనలో నున్నది. చుట్టును మాత్రము జాన్ వీట్లీగారి సేవకురాలని ముద్రించిరి. ఇంగ్లండులోని మిత్రుల కోరికపై యజమాని తనకు విముక్తి నిచ్చెనని ఆ అక్టోబరు నాటి లేఖలో ఆమె తెలిపినది.

టీ పెట్టెలు, పుస్తకముల మూటలు

1773 నవంబరు 28న 'డార్ట్‌మత్' అను ఓడ బోస్టన్ రేవున లంగరు దించెను. అందు ఈస్టిండియా కంపెనీవారి టీ పెట్టెలు వచ్చినవి. 1766లో నిజాముతో సంధి చేసికొని ఉత్తర సర్కారులను పొందిన కంపెనీయే అది. అదే ఓడలో ఫిలిస్ గ్రంథపు ప్రతులును వచ్చినవి. డిసెంబరు 16 రాత్రి బోస్టన్ వాసులు మూడు ఓడలనెక్కి 300కు పైగా టీ పెట్టెలను సముద్రము పాలు చేసిరి. పుస్తకములు మాత్రము ఒడ్డు చేరినవి.

ఆ దినములలో వలసల నాయకులు తమ సమ్మతి లేని పన్నును దాస్యమని నిందించుచుండిరి. నిజమైన దాస్యమెరిగిన ఫిలిస్ ఆ మాటను ఊరక విడువలేదు. 1774 ఫిబ్రవరిలో శామ్సన్ ఆకమ్ అను అమెరికా ఆదివాసి మతాచార్యునికి వ్రాసిన లేఖలో, స్వేచ్ఛాకాంక్ష ప్రతి మానవహృదయమునను దైవము నాటినదనియు, స్వేచ్ఛకై ఎలుగెత్తుచు ఇతరులను అణచియుంచువారి మాటకు చేతకు పొందిక లేదనియు ఆమె సూచించెను. ఆ లేఖను పత్రికలు ప్రకటించినవి.

1775లో వాషింగ్టన్ సేనాధిపతి కాగా ఆయనపై పద్యము రచించి పంపెను. 1776 ఫిబ్రవరి 28న ఆయన స్వయముగ ప్రత్యుత్తరము వ్రాసి, ఆమె ప్రతిభను కొనియాడి, కేంబ్రిడ్జిలోని తన విడిదికి రమ్మని ఆహ్వానించెను. ఆ వాషింగ్టన్ కూడ దాసులను కలిగినవాడే.

ప్రకటనయు ఆచరణయు

1776 జూలైలో స్వాతంత్ర్య ప్రకటన వెలువడెను. థామస్ జెఫర్సన్ వ్రాసిన చిత్తుప్రతిలో బానిస వ్యాపారమును ఖండించు భాగమొకటి ఉండెను. ప్రతినిధుల సభ దానిని తొలగించెను. ఆ భాగము వ్రాసిన జెఫర్సన్ తన జీవితకాలమున 600 మందికి పైగా బానిసలకు యజమాని. వర్జీనియాను గూర్చి రచించిన గ్రంథమున ఆయన, మతము ఫిలిస్ వంటి వ్యక్తిని పుట్టించినది గాని కవిని పుట్టింపలేకపోయినదని తేల్చివేసెను. ఆ గ్రంథము 1785లో అచ్చయ్యెను. బదులు చెప్పుటకు అప్పటికి ఆమె లేదు.

ఆమె కవిత్వము పోప్ చూపిన బాటలో నడచినది. స్మృతిగీతములు అందు అధికము. తన జాతి వేదనను ఆమె తగినంతగ పాడలేదని పిమ్మటి విమర్శకులు కొందరు ఆక్షేపించిరి. కాని డార్ట్‌మత్ ప్రభువునకు అంకితముగ వ్రాసిన పద్యమున, తనకీ స్వేచ్ఛాప్రీతి ఎచ్చటినుండి కలిగెనో ఆమె చెప్పినది. పసితనమున తనను తల్లిదండ్రుల యొద్దనుండి అపహరించిరనియు, తండ్రి గుండె ఎంత క్షోభపడెనో యనియు తలపోసినది. యజమాని యింట కూర్చుండి ప్రభువునకు ఆ మాట వినిపించుటకు ధైర్యము కావలెను.

చివరి దినములు

1774లో సుసానా, 1778లో జాన్ వీట్లీ మరణించిరి. అదే 1778లో ఫిలిస్ జాన్ పీటర్స్ అను స్వతంత్రుడైన నల్లజాతీయుని వివాహమాడెను. యుద్ధకాలపు కరవులో కాపురము సాగుట దుర్భరమైనది. 1779లో 33 పద్యములు, 13 లేఖలు గల రెండవ సంపుటమునకు ఆమె ప్రకటన నిచ్చెను. చందాదారులు లభింపలేదు. ఆ వ్రాతప్రతి జాడ తెలియలేదు. 1784 డిసెంబరు 5న, ముప్పది యొక్క ఏండ్ల ప్రాయమున, పేదరికములోనే ఆమె కన్నుమూసెను. ఆమె మొదటి సంపుటము అమెరికాలో అచ్చగుట 1786లో, ఫిలడెల్ఫియా నగరమున జరిగెను.

మసాచుసెట్స్ 1780 నాటి తన రాజ్యాంగమున మానవులందరు స్వతంత్రులుగను సమానులుగను జన్మింతురని వ్రాసికొనెను. ఆ వాక్యమును ఆధారము చేసికొని 1783లో అచ్చటి న్యాయస్థానము దాస్యమునకు చోటులేదని పలికెను. 1790 జనాభా లెక్కలలో ఆ రాష్ట్రమున ఒక్క బానిసయు లేడు. దేశము మొత్తము మీద మాత్రము 39 లక్షల జనములో దాదాపు 7 లక్షలమంది బానిసలే. 1787 నాటి సమాఖ్య రాజ్యాంగము బానిస దిగుమతిని 1808 వరకు కాంగ్రెసు నిషేధింపరాదనెను. దాస్యము సమూలముగ రద్దగుటకు అంతర్యుద్ధము, 1865 నాటి పదమూడవ సవరణ కావలసివచ్చెను. ఒక ప్రకటనలోని వాక్యము శాసనమగుటకు తొమ్మిది దశాబ్దములు పట్టినది.

2003లో బోస్టన్ నగరము స్త్రీమూర్తుల స్మారకము నెలకొల్పి, అందు అబిగెయిల్ ఆడమ్స్, లూసీ స్టోన్‌ల సరసన ఫిలిస్ విగ్రహమును నిలిపెను. నేడు ఆమె గ్రంథమును చదువుటకు ఎవరి ధ్రువీకరణయు అవసరము లేదు.

ఆ పదునెనిమిది సంతకములకు ముందు, సంతకము లేని సాక్ష్యమొకటి కలదు. అది అక్షరములు దిద్దించిన మేరీది. ఆ బాలికకు బుద్ధి కలదా యని ఆమె ఎవరిని అడుగలేదు. పుస్తకము చేతికిచ్చి చూచినది. అయితే అక్షరమిచ్చిన ఆ యింటివారే పండ్రెండేండ్లపాటు స్వేచ్ఛ నీయలేదన్నదియు మరువరాదు. చదువు చెప్పుట ఒక మేలు. చదువుకొన్నవానిని సమానునిగ చూచుట వేరొక మేలు. మొదటిది పదునారు నెలలలో ఫలించెను. రెండవదానికై ఫిలిస్ తన జీవితమంతయు ఎదురుచూచెను.