అపార్టుమెంటులలో విద్యుత్ కార్లు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసరములలో నేడు అపార్టుమెంటులు లేచుచున్నవి. అట్టి భవనము విద్యుత్ కార్లకు తగునా యని తేల్చుటకు మొదట చూడవలసినది మంజూరైన లోడు. 15 ఆంపియర్ల సాకెట్టు నుండి కారు సుమారు 3.3 కిలోవాట్లు గ్రహించును. పది కార్లు ఒక్కసారి తగిలించినచో 33 కిలోవాట్లు. సాయంకాలమున లిఫ్టు, నీటి మోటారు, ఏసీలు కూడ నడచును గదా! అర్ధరాత్రి దాటిన పిదప వంతులవారీగా ఛార్జి చేసికొన్నచో క్రొత్త ట్రాన్స్‌ఫార్మరు అక్కర తప్పవచ్చును. ఎర్తింగు లేని సాకెట్టును మాత్రము మేము ఒప్పుకొనము.

ఉమ్మడి మీటరు నుండి వాడినచో కారు లేనివారిపైనను బిల్లు పడి తగవులు పుట్టును. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారము ఛార్జింగుకు ప్రత్యేక కనెక్షను కోరవచ్చును.

సభ్యులారా, అనుమతికై వచ్చిన నక్షాలో మీటరు గది నుండి కార్లు నిలుపు చోటికి తీగల గొట్టము కలదేమో అడుగుడు. గోడలు లేచిన పిదప అది పగులగొట్టు పని.