కంప్యూటరు పనికి కాటా ఏది?

గుంటూరు: పత్తి తీతకు కిలో లెక్కన కూలి ఇస్తే చిక్కొకటుంది. తడి పత్తీ తూగుతుంది, చెత్తా తూగుతుంది. మన పల్లెల నుంచి హైదరాబాదుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన పిల్లలు రాసే ప్రోగ్రాములకూ ఇదే చిక్కు. రాసిన వరుసలే లెక్కపెడితే, పది వరుసల పనికి వంద వరుసలు రాసినవాడే పనిమంతుడవుతాడు. అందుకే ఐబీఎం సంస్థలో పనిచేసిన ఆలన్ ఆల్‌బ్రెక్ట్ 1979లో ‘ఫంక్షన్ పాయింట్ల’ పద్ధతిని వెల్లడించారు. ప్రోగ్రాము ఎంత పొడవన్నది కాదు, వాడేవారికి ఏయే పనులు చేసిపెడుతుందన్నదే ఇందులో లెక్క. దాన్నిబట్టి ఎన్నాళ్లు పడుతుందో అంచనా కడతారు. ఎన్ని తప్పులు దొర్లాయో విడిగా చూస్తారు, మిర్చి యార్డులో తాలుకాయ చూసినట్టే. పని కొలవకుండా పైవారు గడువు ఒప్పుకుంటే, రాత్రిళ్లు నిద్ర మాని ఆ లోటు పూడ్చవలసింది మన పిల్లలే.