తూకంలో తేడా

సంతలో సరుకు కొనేటప్పుడు పెద్దలు తక్కెడను ఎత్తి పళ్లెం అడుగు చూడడం మీరు గమనించే ఉంటారు. అక్కడ చింతపండు అంటించారేమోనని వారి అనుమానం. కంటికి కనబడనిది కూడ తూకంలో బయటపడుతుంది. పరమాణువుకన్న చిన్నవైన కణాల విషయంలో శాస్త్రజ్ఞులు చేసే పని ఇంచుమించు ఇటువంటిదే.

ప్రకృతిలోని మూలకణాలు రెండు జాతులు. పదార్థానికి ఆధారమైన ఎలక్ట్రాన్, క్వార్క్ వంటివి ఫెర్మియాన్లు. బలాలను మోసే ఫోటాన్ వంటివి బోసాన్లు. ఈ రెండవ పేరు మన సత్యేంద్రనాథ్ బోసు పేరు నుండి వచ్చినదే. ప్రతి కణానికీ రెండవ జాతిలో ఒక జోడీ ఉండవచ్చునని 1970వ దశకం తొలి సంవత్సరాలలో కొందరు ఊహించారు. దీనినే అతిసౌష్ఠవ సిద్ధాంతం అంటారు. ఇంతవరకు ఆ జోడీలలో ఒక్కటి కూడ దొరకలేదు. అవి చాల బరువైనవి కావచ్చు.

బరువైన కణాన్ని పుట్టించలేకపోయినా దాని జాడ తెలుసుకొనే ఉపాయం ఒకటుంది. ఒక కణం క్షయమై వేరే కణాలుగా మారేటప్పుడు, బరువైన కణం లిప్తకాలం మధ్యలో కల్పించుకొని ఆ క్షయం జరిగే రేటును మార్చగలదు. క్షయం ఎంత అరుదైనదైతే ఈ మార్పు అంత స్పష్టంగా తెలుస్తుంది.

జెనీవా దగ్గర సెర్న్ సంస్థవారికి భూగర్భంలో 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల యంత్రం ఉంది. అక్కడ పుట్టే బి-మెసాన్ అనే కణం చాల అరుదుగా, పది లక్షలలో ఒక వంతుకన్న తక్కువగా, కేయాన్ అనే తేలికైన కణంగా మారుతూ మ్యూయాన్ల జంటనో ఎలక్ట్రాన్ల జంటనో వెలువరిస్తుంది. మ్యూయాన్ ఎలక్ట్రానుకన్న సుమారు 207 రెట్లు బరువు. తక్కిన గుణాలలో రెండూ కవలలే. కనుక రెండు క్షయాలూ దాదాపు సమానంగా జరగాలి. కాని 2021లో ఎల్.హెచ్.సి.బి. అనే ప్రయోగ బృందం ప్రకటించిన లెక్కలో, ఎలక్ట్రాన్ల వైపు నూరు జరిగితే మ్యూయాన్ల వైపు 85 మాత్రమే ఉన్నాయి. కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా రావడానికి వెయ్యింట ఒక వంతు అవకాశమే.

క్వార్కు జోడీ అయిన స్క్వార్కు ఈ పక్షపాతం చూపుతున్నదని కొందరు సిద్ధాంతకర్తలు వివరించారు. అతిసౌష్ఠవంలోని కొన్ని నియమాలను సడలిస్తే లెక్క చక్కగా కుదిరింది. సడలింపులకు ఒప్పుకొన్నాక లెక్క కుదరడం వింత కాదనుకోండి! ఆవిష్కరణ అనిపించుకోవాలంటే పొరపాటుకు 35 లక్షలలో ఒక వంతు అవకాశం మాత్రమే ఉండాలని ఈ శాస్త్రంలో కట్టుబాటు. దానికి ఇది చాల దూరం.

ఆ బృందంవారే తమ తక్కెడను తిరగేసి చూసుకొన్నారు. వారు ఎలక్ట్రాన్లని లెక్కపెట్టిన వాటిలో కొన్ని ఎలక్ట్రాన్లు కావు. వాటిలాగ కనబడిన ఇతర కణాలు. అందువల్ల ఎలక్ట్రాన్ల సంఖ్య పెరిగి, మ్యూయాన్లు తగ్గినట్లు తోచింది. వాటిని సరిగా లెక్కలోకి తీసుకొని చూడగా రెండు క్షయాలూ సమానమేనని తేలింది. 2022 డిసెంబరులో ఆ సంగతి వారే ప్రకటించారు.

బి-మెసాన్ క్షయమై టౌ అనే మరింత బరువైన కణాన్ని వెలువరించే చోట కనబడిన మరొక తేడా మాత్రం ఇంకా తేలలేదు.