కందుకూరి వారి ఇల్లు, నన్నయ విశ్వవిద్యాలయం: సందర్శకుల అభిప్రాయాలను చదవవలసిన తీరు

రాజమహేంద్రవరం: గోదావరి తీరాన చారిత్రక నగరంగా ఖ్యాతి గడించిన రాజమహేంద్రవరానికి వచ్చే యాత్రికులు పుష్కరఘట్టం, ధవళేశ్వరం బ్యారేజి, కాటన్ మ్యూజియం చూసిన తరువాత సాధారణంగా తిరుగు ప్రయాణమవుతారు. అయితే చరిత్ర, విద్యారంగాలపై ఆసక్తి గలవారు మరో రెండు చోట్లకు కూడా వెళ్తుంటారు. ఒకటి నగరంలోని పాత భాగంలో గల కందుకూరి వీరేశలింగం పంతులు గారి స్వగృహం. రెండవది నగరం వెలుపల రాజానగరం వద్ద, చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి చెంత నెలకొన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం. ఈ రెండింటినీ చూసినవారు చెప్పే మాటలు, రాసే రాతలు పత్రికలలో వార్తలుగా, అధికారుల ముందు వినతులుగా వస్తుంటాయి. వాటిలో దేనికి ఎంత విలువ ఇవ్వాలన్నది ఇటు పాత్రికేయులకు, అటు అధికారులకు తరచు ఎదురయ్యే ప్రశ్న.

వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. 1874లో 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించారు. అదే సంవత్సరం ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను నెలకొల్పారు. 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం తెలుగునాట సంఘ సంస్కరణోద్యమానికి మలుపుగా నిలిచింది. వితంతు వివాహానికి చట్టసమ్మతి 1856లోనే లభించినప్పటికీ, పాతికేళ్ల పాటు ఈ ప్రాంతంలో ఆ చట్టం కాగితంపైనే ఉండిపోయింది. దానిని ఆచరణలోకి తెచ్చేందుకు కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య ఆర్థికంగా అండగా నిలువగా, కళాశాల విద్యార్థులు, కొద్దిమంది మిత్రులు వెంట నడిచారు. పెండ్లి పోలీసు బందోబస్తు నడుమ జరిగింది.

సందర్శకులు ఈ ఇంటిని గురించి ఏమనుకుంటున్నారో పరిశీలించే ముందు, 1881లో ఈ ఇంటి గడప తొక్కడమంటే ఏమిటో గుర్తుచేసుకోవడం అవసరం. వివాహానికి హాజరైనవారికి, విందులో పాల్గొన్నవారికి సాంఘిక బహిష్కారం ఎదురైంది. పీఠాధిపతుల శ్రీముఖాలు వెలువడ్డాయి. భయపడి ప్రాయశ్చిత్తం చేసుకున్నవారూ ఉన్నారు. వంటవారు, నీళ్లు మోసేవారు పని మానుకోవడంతో వీరేశలింగం సతీమణి రాజ్యలక్ష్మమ్మ స్వయంగా వంట చేసి, గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చారు. ఆ రోజులలో ఆ ఇంటికి అతిథిగా రావడమే ఒక అభిప్రాయ ప్రకటన. దానికి చెల్లించవలసిన మూల్యం కులం, కుటుంబం, ఒక్కొక్కప్పుడు జీవనోపాధి కూడా. నేడు పుస్తకంలో రెండు పంక్తులు రాసి సంతకం చేసే సందర్శకుడికి ఈ సంగతి తెలియజేయగలిగితే అతడు చూసే చూపే మారుతుంది. ఇంట్లో పెట్టే వివరణ ఫలకాలలో వీరేశలింగం రచనల పట్టిక కంటే రాజ్యలక్ష్మమ్మ నీళ్ల బిందె కథ ముందుండడం సముచితం.

చారిత్రక గృహాన్ని చూడవచ్చినవారికి తొలుత కలిగే భావం తరచు నిరాశే. కోటల వైభవం, దేవాలయ గోపురాల ఔన్నత్యం ఇక్కడ కనిపించవు. 19వ శతాబ్దపు గోదావరి మండలంలోని మధ్యతరగతి గృహస్థు నివాసం ఎలా ఉండేదో అలాగే ఉంటుంది. ఈ ప్రాంతపు పాత ఇళ్లలో వీధి అరుగులు, కర్ర స్తంభాలు, కూన పెంకులతో వాలు కప్పు, కలిగినవారి లోగిళ్లలో నడిమి మండువా ప్రధానాంశాలు. మండువా నాలుగు వైపుల నుంచి కప్పు లోపలికి వాలుతుంది. వానకాలంలో నీరంతా అందులోకి చేరి తూము గుండా వెలుపలికి పోతుంది. ఎండాకాలంలో అదే వేడి గాలిని పైకి పంపి గదులకు చల్లదనం కలిగిస్తుంది. స్తంభాలకు, దూలాలకు వాడిన టేకు పాపికొండల ఎగువ అడవుల నుంచి గోదావరి మీద తెప్పలుగా రాజమహేంద్రవరానికి దిగుమతి అయ్యేది. నది తెచ్చిన కలప, డెల్టా మట్టితో కాల్చిన ఇటుక, పెంకు, గానుగలో నూరిన సున్నం, వీటి కలయికే ఈ ప్రాంతపు గృహ వాస్తువు. కందుకూరి వారి ఇల్లు ఈ సంప్రదాయానికి చెందినదే.

మరమ్మతు విషయమై తరచు వచ్చే విమర్శ

పాత ఇళ్లను చూసినవారు రాసే ఫిర్యాదులలో గోడల చెమ్మ, రాలుతున్న పూత ముఖ్యమైనవి. వీటిని చదివి వెంటనే సిమెంటు పూత వేయించాలన్న సూచన రావడం, కొన్ని చోట్ల అలాగే చేయించడం కూడా కద్దు. ఇది మేలు కంటే కీడు ఎక్కువ చేసే పద్ధతి. సున్నపు గోడ నేలలోని తేమను పీల్చుకొని, తిరిగి గాలిలోకి వదులుతుంది. డెల్టాలో భూగర్భజలం పైకే ఉండడం వలన ఈ రాకపోకలు నిరంతరం సాగుతుంటాయి. పైన సిమెంటు పొర వేస్తే తేమకు దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన తేమ, దానితోపాటు వచ్చిన లవణాలు ఇటుకను పొడి చేస్తాయి. రెండేళ్లు గోడ చూడముచ్చటగా ఉంటుంది, ఆపై పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. సున్నానికి సున్నంతోనే మరమ్మతు చేయాలన్నది పురావస్తు పరిరక్షణలో మౌలిక సూత్రం. ఆ పని నెమ్మదిగా సాగుతుంది. ఇసుక, సున్నం కలిపి నానబెట్టి, నూరి, పొర మీద పొర వేసి ఆరనివ్వాలి. పనివారు కూడా నేడు అరుదు. కాబట్టి 'గోడలు పాతబడ్డాయి' అన్న సందర్శకుని వాక్యం వార్తగా మారేటప్పుడు, చెమ్మ ఎక్కడి నుంచి వస్తున్నదని అడగడం పాత్రికేయుని బాధ్యత. కప్పు కారుతున్నదా, నేల నుంచి ఎక్కుతున్నదా అన్నదానిని బట్టి చేయవలసిన పని పూర్తిగా మారిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి కట్టడాల రక్షణకు 1960 నాటి రాష్ట్ర ప్రాచీన, చారిత్రక కట్టడాల చట్టం ఆధారం. కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడాలకు 1958 నాటి చట్టం, దానికి 2010లో చేసిన సవరణలు వర్తిస్తాయి. ఆ సవరణల మేరకు కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ కొలతలను రాష్ట్ర రక్షణలోని ప్రతి కట్టడానికీ అన్వయించి వార్తలు రాయడం తప్పుదారి పట్టిస్తుంది. ఏ చట్టం కింద ఏ కట్టడం ఉన్నదో ముందుగా నిర్ధారించుకోవాలి.

ఇక సందర్శకుల పుస్తకం సంగతి. అందులో అధిక భాగం మర్యాద వాక్యాలే ఉంటాయి. 'చాలా బాగుంది', 'అందరూ చూడదగినది' వంటివి రాసినవారి సంస్కారానికి గుర్తులు, అంతకు మించి సమాచారం ఇవ్వవు. పనికివచ్చేవి చిన్న చిన్న వివరాలు: దారి చూపే బోర్డు కనిపించలేదని, మధ్యాహ్నం తలుపు మూసి ఉన్నదని, ఇరుకు వీధిలోకి పాఠశాల బస్సు రాలేదని, వృద్ధులు మెట్లు ఎక్కలేకపోయారని రాసిన వాక్యాలు. అవి తేదీ, సమయంతో సహా ఉంటే మరీ ప్రయోజనకరం. మరొక మెలిక కూడా ఉన్నది. తలుపు మూసి ఉండగా వచ్చి వెనుదిరిగినవారి అభిప్రాయం ఎప్పటికీ ఆ పుస్తకంలోకి చేరదు. అందువలన పుస్తకంలో ఫిర్యాదులు లేకపోవడాన్ని సంతృప్తికి సూచికగా భావించరాదు.

సందర్శకులు పుస్తకంలోనే రాస్తారన్న హామీ కూడా లేదు. గోడలపై, తలుపులపై పేర్లు చెక్కే అలవాటు మనదొక్కరిదే కాదు. ఇంగ్లండులో షేక్‌స్పియర్ జన్మించిన ఇంటి కిటికీ అద్దంపై గీరిన పేర్లలో వాల్టర్ స్కాట్, థామస్ కార్లైల్ వంటి ప్రముఖులవి కూడా ఉన్నాయి. ఆ ఇంటిని 1847లో ప్రజలు చందాలు వేసి కొని కాపాడుకున్నారు. ప్రముఖుల గీతలు కాలక్రమేణా ప్రదర్శన వస్తువులయ్యాయి. మన స్మారక గృహాలలో బొగ్గుతో, మేకుతో రాసిన పేర్లకు ఆ గౌరవం దక్కే అవకాశం లేదు.

విశ్వవిద్యాలయాన్ని చూడడమంటే

రాజరాజ నరేంద్రుని కొలువులో 11వ శతాబ్దంలో మహాభారత ఆంధ్రీకరణకు శ్రీకారం చుట్టిన నన్నయ పేరిట 2006లో ఏర్పాటైన ఈ విశ్వవిద్యాలయం, అంతకుముందు రాజమహేంద్రవరంలో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రం పునాదిపై రూపొందింది. 1926లో ఆవిర్భవించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలోనే అప్పటివరకు ఉభయ గోదావరి జిల్లాల కళాశాలలు ఉండేవి. ధ్రువపత్రం కోసమైనా, పరీక్షల వివాదమైనా విద్యార్థి విశాఖపట్నం వెళ్లవలసి వచ్చేది. నరసాపురం, అమలాపురం వంటి ప్రాంతాల విద్యార్థినులకు, వారి తల్లిదండ్రులకు ఈ దూరం చిన్న విషయం కాదు. విశ్వవిద్యాలయానికి రాజమహేంద్రవరంతోపాటు కాకినాడ, తాడేపల్లిగూడెంలలో కూడా ప్రాంగణాలు ఉన్నాయి.

విశ్వవిద్యాలయాన్ని చూసినవారి అభిప్రాయాలలో దొర్లే ప్రధాన దోషం, ప్రాంగణాన్నే విశ్వవిద్యాలయమని భావించడం. జాతీయ రహదారి పక్కన విశాలమైన స్థలం, విభాగాల భవనాలు, కొత్తగా నాటిన చెట్లు చూసి 'చక్కగా ఉంది' అనేవారు ఒకరు. నీడ చాలదని, నగరం నుంచి రవాణా మరింత మెరుగుపడాలని అనేవారు ఇంకొకరు. ఇద్దరి మాటా నిజం కావచ్చు. అయితే ఇది అనుబంధ విశ్వవిద్యాలయం. అనగా దీని విద్యార్థులలో అత్యధికులు ఈ ప్రాంగణంలో కాక, ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలో విస్తరించిన డిగ్రీ కళాశాలలలో చదువుతారు. పాఠ్యప్రణాళిక, పరీక్షలు, ఫలితాలు, పట్టాలు విశ్వవిద్యాలయానివి. తరగతి గది, అధ్యాపకుడు, ప్రయోగశాల కళాశాలవి. ఫలితాల జాప్యంపై వచ్చిన ఫిర్యాదును కళాశాల మీద, ప్రయోగశాల లేమిపై వచ్చిన ఫిర్యాదును విశ్వవిద్యాలయం మీద మోపడం పత్రికా కథనాలలో తరచు జరిగే పొరపాటు.

మరొక అయోమయం కూడా తొలగించవలసి ఉన్నది. ఈ ప్రాంతంలోని ఇంజనీరింగు కళాశాలలు ప్రధానంగా కాకినాడ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవి. తాడేపల్లిగూడెంలో 2015లో ఆరంభమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, దాని సమీపాన వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, రాజమహేంద్రవరం పక్కన బొమ్మూరులోని తెలుగు విశ్వవిద్యాలయ సాహిత్య పీఠం వేరు వేరు సంస్థలు. 'గోదావరి విశ్వవిద్యాలయం' అని సందర్శకుడు అన్నప్పుడు అతని మనసులో ఉన్నది ఏదో అడిగి తెలుసుకోవాలి.

ఉన్నత విద్యాసంస్థల విషయంలో బయటివారి అభిప్రాయానికి ఒక అధికారిక రూపం కూడా ఉన్నది. 1994లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన జాతీయ మదింపు, గుర్తింపు మండలి, అనగా న్యాక్, నిపుణుల బృందాలను సంస్థలకు పంపే పద్ధతిని అమలు చేసింది. బోధనాంశాలు, బోధన-మూల్యాంకనం, పరిశోధన-విస్తరణ, మౌలిక వసతులు, విద్యార్థులకు తోడ్పాటు, పాలన, సంస్థాగత విలువలు అనే ఏడు ప్రమాణాలపై మదింపు జరిగేది. 2017లో చేసిన సవరణతో విద్యార్థుల సంతృప్తి సర్వే అందులో భాగమైంది. అప్పటివరకు ప్రాంగణానికి వచ్చిపోయే నిపుణుని మాటకే ఉన్న బరువు, అక్కడే మూడేళ్లు గడిపే విద్యార్థి మాటకు కూడా కొంత లభించింది. ఇది ఆహ్వానించదగిన మార్పు.

సందర్శకుని మాట ఒక విద్యాసంస్థను ఎంతగా కుదిపివేయగలదో రాజమహేంద్రవరానికి అనుభవమే. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఇక్కడికి వచ్చి ఉపన్యసించారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం వాటిని తెలుగులో వినిపించారు. ఆ ప్రభావంతో విద్యార్థులు వందేమాతరం బిళ్లలు ధరించి తరగతులకు వెళ్లగా ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ కఠిన చర్యలు తీసుకున్నారు. ట్రైనింగు కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కరణకు గురయ్యారు. వీరేశలింగం తెలుగు పండితునిగా పనిచేసిన, 1853లో పాఠశాలగా మొదలై 1873లో కళాశాల స్థాయి పొందిన ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల నేడు నన్నయ విశ్వవిద్యాలయ పరిధిలో ఉన్నది.

ఇంటికీ విశ్వవిద్యాలయానికీ ఇంతకంటే దగ్గరి బంధుత్వం మరొకటి ఉన్నది. వీరేశలింగం తన యావదాస్తిని హితకారిణీ సమాజానికి ధారపోశారు. ఆ సమాజం ఆశ్రయంలో వెలసిన వీరేశలింగం థీస్టిక్ కళాశాల, రాజ్యలక్ష్మి మహిళా కళాశాల కూడా ఈ పరిధిలోనివే. ఆడపిల్లకు అక్షరం నేర్పితే అపచారమన్న రోజులలో ఆ దంపతులు మొదలుపెట్టిన పని, నేడు మహిళా కళాశాల హాజరు పట్టీలో కొనసాగుతున్నది. ఇంటిని చూసినవారిలో ఈ కళాశాలలను కూడా చూసేవారు తక్కువ. కలకత్తాలో ఠాగూరుల జోరాసంకో భవనంలో 1962లో రవీంద్ర భారతి విశ్వవిద్యాలయం నెలకొనడంతో అక్కడ ఇల్లు, చదువు ఒకే ఆవరణలో సందర్శకునికి ఎదురవుతాయి. ఇక్కడ ఇల్లు ఒక శాఖది, విశ్వవిద్యాలయం మరో శాఖది. నడుమ నగరమంతా ఉన్నది. చరిత్ర, తెలుగు విభాగాల విద్యార్థులను సెలవు దినాలలో ఆ ఇంట మార్గదర్శకులుగా నియోగించడం, సందర్శకుల పుస్తకాన్ని వారిచేత ప్రతి త్రైమాసికం వర్గీకరింపజేయడం పెద్ద ఖర్చు లేని పనులు.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. 2015 పుష్కరాల అనుభవం ప్రకారం ఘాట్లు, రహదారులు, పారిశుద్ధ్యంపైనే యంత్రాంగం దృష్టి అంతా కేంద్రీకృతమవుతుంది. ఆ పన్నెండు రోజులలో వచ్చే యాత్రికులలో కొద్ది శాతం మంది పాత వీధులలోకి మళ్లినా కందుకూరి వారి ఇంటికి అది మామూలు రోజులలో ఎన్నడూ లేని రద్దీ అవుతుంది. పాత కర్ర మెట్లపై ఒకేసారి ఎందరిని అనుమతించాలి, వీధి మొగలో వాహనాలను ఎక్కడ నిలపాలి, సున్నపు పనులు ఉంటే వానలు మొదలయ్యేలోగా ఎప్పుడు పూర్తి చేయాలి అన్నవి ముందుగానే నిర్ణయించవలసిన అంశాలు. పుష్కరాలు వర్షాకాలంలో వస్తాయి. తడి గాలిలో సున్నపు పూత త్వరగా గట్టిపడదు. కాబట్టి పని అంతకుముందటి వేసవిలోగా ముగియాలి.