కారు ముందద్దం పగిలితే

పగిలిన అద్దం ఇంట్లో ఉంచుకోకూడదని మన పెద్దవాళ్ళు చెబుతారు. మరి పగిలిన అద్దంతో నెలల తరబడి కారు నడిపే మన సభ్యులను ఏమనాలి? మన సమావేశం జరిగే ఏ ఆదివారమైనా సరే, పార్కింగు స్థలంలో ఒక్క చుట్టు తిరిగి చూడండి. ముందద్దం మీద నక్షత్రం లాంటి మచ్చో, అడ్డంగా పాకిన గీతో ఉన్న కార్లు నాలుగైనా కనబడతాయి. అడిగితే వచ్చే జవాబులు రెండే. "క్లెయిము పెడితే ప్రీమియం పెంచుతారేమోనండీ" అని ఒకరు. "ఫ్లోరిడాలో అది ఫ్రీయే కదండీ, ఎప్పుడైనా వేయించుకోవచ్చు" అని మరొకరు. మొదటిది అవసరానికి మించిన భయం, రెండవది అవసరానికి మించిన ధీమా. ఈ రెంటి మధ్య అసలు సంగతి ఏమిటో, వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళంగా మాకు తెలిసినంతలో ఇక్కడ చెప్పదలచుకున్నాము.

ముందు డబ్బు సంగతి. కారు బీమాలో మన ఢీకొట్టుడుకు వర్తించే భాగం వేరు, కాంప్రిహెన్సివ్ అనే భాగం వేరు. దొంగతనం, వడగళ్ళు, మీద విరిగిపడిన కొమ్మ, ఎగిరివచ్చి తగిలిన రాయి ఇవన్నీ ఈ రెండవ దాని కిందికి వస్తాయి. సాధారణంగా దీనికి కూడా డిడక్టిబుల్ ఉంటుంది. అంటే మొదటి 500 డాలర్లో, 1000 డాలర్లో మనం పెట్టుకోవాలి. కాని ఫ్లోరిడా చట్టం ప్రకారం కాంప్రిహెన్సివ్ ఉన్న పాలసీలో ముందద్దానికి డిడక్టిబుల్ వర్తించదు. అది ముందద్దానికి మాత్రమే. పక్క అద్దాలకు, వెనక అద్దానికి ఈ సదుపాయం లేదు. కెంటకీ, సౌత్ కరోలైనా రాష్ట్రాలలో కూడా ఇలాంటి చట్టాలున్నాయి. పక్కనే ఉన్న జార్జియాకు మారిపోయిన మన మిత్రులు మాత్రం తమ పాలసీ తీసి చూసుకోవాలి. ఇంకొక మాట. చట్టం తప్పనిసరి చేసిన కనీస బీమాలో కాంప్రిహెన్సివ్ ఉండదు. పాత కారు కదా అని ఆ భాగం తీసేయించినవారికి ఈ ఫ్రీ కూడా లేదు.

ప్రీమియం భయం గురించి. రోడ్డు మీద రాయి ఎగిరి తగలడం డ్రైవరు తప్పుగా లెక్కకట్టరు. అలాగని ఏడాదికి మూడు క్లెయిములు పెడితే కంపెనీవారు చూడకుండా ఉంటారనీ అనలేము. అందుకని క్లెయిముకు ముందు ఏజెంటుకు ఒక్క ఫోను చేసి అడగడం మంచిది. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన సామెత. రూపాయి బిళ్ళంత మచ్చ, ఆరంగుళాల లోపు గీత అయితే చాలావరకు అద్దం మార్చకుండానే బాగుచేయవచ్చు. చిన్న పంపుతో పగులులోని గాలి లాగి, పల్చని రెసిన్ ఎక్కించి, అతినీలలోహిత కాంతితో గట్టిపరుస్తారు. అరగంట పని. అయితే పగులు డ్రైవరు చూపుకు సరిగ్గా ఎదురుగా ఉన్నా, అద్దం అంచుదాకా పాకినా, లోపలి పొర కూడా పగిలినా మార్చవలసిందే. ఇక్కడి ఎండలో నాలుగు గంటలు కాగిన అద్దం మీదికి ఎక్కగానే ఏసీ గాలి పూర్తిగా వదిలితే ఉదయం మచ్చగా ఉన్నది సాయంత్రానికి మూరెడు గీత అవుతుంది. కనుక రాయి తగిలిన రోజునే పైన పారదర్శకమైన టేపు ముక్క అంటించండి. దుమ్ము, నీరు లోపలికి పోవు. ఆ వారంలోనే షాపుకు వెళ్ళండి.

ఇంతకూ ఆ అద్దం చేసే పనేమిటి? హౌస్ సర్జన్సీ రోజుల్లో క్యాజువాలిటీలో ఏ తెల్లవారుజామునో బస్సు ప్రమాదం కేసులు వస్తే, ముఖాల్లోంచి గాజుముక్కలు ఏరిన జ్ఞాపకం మనలో చాలామంది డాక్టర్లకు ఉంటుంది. ఆ గాయాలను తగ్గించినది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టిన అద్దం. దీనికి మూలపురుషుడు ఎదువార్ బెనెదిక్తూస్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. 1903లో ఆయన ప్రయోగశాలలో కిందపడిన ఒక గాజు ఫ్లాస్కు పగిలింది గాని ముక్కలు చెదరలేదట. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర ముక్కలను పట్టి ఉంచింది. 1909లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో 1966 మోడల్ కార్ల నుండి ఆ మధ్య పొర మందం రెట్టింపయింది. తల గుద్దుకున్నా అద్దం చీల్చుకుని బయటికి పోకుండా, ముఖం కోసుకోకుండా ఆపేది ఆ పొరే.

ఇప్పటి కార్లలో దాని మీద ఇంకొక బాధ్యత పడింది. 1998 మోడల్ నుండి ఈ దేశంలో అమ్మే కార్లన్నిటికీ ముందు సీట్లు రెంటికీ ఎయిర్ బ్యాగులు తప్పనిసరి. కుడివైపు సీటు ముందున్న సంచీ చాలా కార్లలో పైకి లేచి, ముందద్దానికి తగిలి, దాని ఆసరాతో మనిషి వైపు తిరుగుతుంది. ఇదంతా రెప్పపాటు కంటే తక్కువ కాలంలో జరుగుతుంది. అద్దం గట్టిగా అతుక్కుని లేకపోతే సంచీ అద్దాన్ని బయటికి తోసేస్తుంది. ఆసరా లేని సంచీ వల్ల ఉపయోగం లేదు. కారు పల్టీ కొడితే పైకప్పు కుంగకుండా ఆపడంలో కూడా అద్దానికి వాటా ఉంది. కొత్త కారును తయారుచేసేవారు గంటకు 30 మైళ్ళ వేగంతో గోడకు గుద్ది, అద్దం ఊడిపోకుండా నిలిచిందో లేదో పరీక్షించే ఫెడరల్ నిబంధన ఒకటుంది. దాని నంబరు 212. కాని మీ ఇంటి ముందు మార్చిన అద్దాన్ని ఎవరూ గోడకు గుద్ది చూడరు. ఆ పనివాడి శ్రద్ధే దానికి పరీక్ష.

ఆ శ్రద్ధ అంతా జిగురులో ఉంది. యురిథేన్ అనే ఆ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. ఎంతసేపటికి కారు నడపవచ్చునన్నది జిగురు రకాన్ని బట్టి, ఎండను బట్టి, తేమను బట్టి మారుతుంది. గంట చాలినవి ఉన్నాయి, కొన్ని గంటలు పట్టేవీ ఉన్నాయి. "ఏమీ కాదు, వెళ్ళిపొండి" అన్న మాటను నమ్మకుండా, ఎన్ని గంటలకు అన్నది బిల్లు మీద రాయించుకోవాలి. ఆ రోజు తలుపులు గట్టిగా వేయకూడదు. లోపలి గాలి ఒత్తిడికి తడి జిగురు కదులుతుంది. ఒక కిటికీ అంగుళం దించి ఉంచాలి. రెండు రోజులు కార్ వాష్ జోలికి పోకూడదు.

మా అనుభవం కొంత చెబుతాము. పోయిన వేసవిలో టాంపా నుండి ఓర్లాండో పోతూ ఉండగా ఐ-4 మీద ముందున్న కంకర లారీ నుండి రాయి లేచి తగిలింది. ఇల్లు చేరేసరికి గీత అంచుదాకా పాకింది. బీమా కార్డు మీది నంబరుకు ఫోను చేస్తే పలికినది బీమా కంపెనీ కాదు, వారి తరఫున అద్దాల క్లెయిములు చూసే మరొక సంస్థ. ఇది చాలా కంపెనీల్లో మామూలే. కొన్నిచోట్ల ఆ సంస్థకు సొంత అద్దాల షాపులు కూడా ఉంటాయి. ఆ అమ్మాయి తారీఖు, స్థలం అడిగి, రెండు నిమిషాల్లో "రేపు మధ్యాహ్నం మీ ఆసుపత్రి పార్కింగులోనే మార్చేస్తారు" అన్నది. మేము మూడు ప్రశ్నలు అడిగాము. వేరే షాపు పేరు చెప్పవచ్చునా? చెప్పవచ్చునట. ఆ షాపు ఎక్కువ అడిగితే తేడా ఎవరు కట్టాలి? కనుక్కుని చెబుతానన్నది. అద్దం వెనకనున్న కెమెరాకు క్యాలిబ్రేషన్ ఎవరు చేస్తారు? ఫోనులో కొంతసేపు నిశ్శబ్దం. తర్వాత "అది ఇంకోరోజు చూసుకోవచ్చు" అన్నది.

గుంటూరు నుండి వచ్చి మా దగ్గరున్న నాన్నగారు ఇదంతా వింటున్నారు. "ఏరా, వాళ్ళు ఊరికే వేస్తామంటుంటే ఇన్ని యక్షప్రశ్నలేమిటి?" అన్నారు. "ఆపరేషను ఫ్రీ అయితే మాత్రం సర్జను ఎవరో అడగమా నాన్నగారూ? ముందు సీట్లో కూర్చునేది మీరే కదా" అన్నాము. ఆయన నవ్వి, "అయితే ఇంకో నాలుగు అడుగు" అన్నారు. చివరికి క్యాలిబ్రేషన్ కూడా అదే రోజు చేసే షాపు దొరికింది. నాలుగు రోజులు ఆగవలసి వచ్చింది, అంతే.

ఆ కెమెరా సంగతి అంత ముఖ్యమా అంటే, ముఖ్యమే. ఈమధ్య వచ్చిన కార్లలో చాలావాటికి లోపలి అద్దం వెనక చిన్న కెమెరా ఉంటుంది. గీత దాటితే హెచ్చరించడం, ముందు కారు ఆగితే తనంతట తానే బ్రేకు వేయడం దాని చలవే. అద్దం మారితే కెమెరా చూపు ఒక డిగ్రీ పక్కకు జరగవచ్చు. ఒక డిగ్రీయే కదా అనుకుంటే, 300 అడుగుల దూరంలో అది 5 అడుగులకు పైగా తేడా. ఫ్రీవే వరుస వెడల్పే 12 అడుగులు! కొన్ని కార్లకు షాపులో గుర్తుల పలకలు నిలబెట్టి, కొన్నిటికి రోడ్డు మీద నడిపి, కొన్నిటికి రెండు విధాలా సరిచేయాలి. పలకలు పెట్టి చేసేది ఆసుపత్రి పార్కింగులో కుదిరే పని కాదు.

ఇక కార్ వాష్ దగ్గర, సంత దగ్గర చెట్టుకింద బల్ల వేసుకుని "అద్దం ఉచితం, పైగా గిఫ్టు కార్డు" అని పిలిచేవారి గురించి. ఒకప్పుడు ఫ్లోరిడాలో ఇది పెద్ద వ్యాపారం. సంతకం పెట్టించుకున్న కాగితంతో మన క్లెయిము హక్కు షాపు చేతికి పోయేది. షాపువారు బీమా కంపెనీ మీద దావా వేసేవారు. ఆ దావాలు వేల సంఖ్యకు పెరిగి, ఆ భారం చివరికి అందరి ప్రీమియంల మీదా పడింది. 2023లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి, అద్దం క్లెయిము పెట్టినందుకు నగదు, బహుమతులు ఇవ్వడం నిషేధించింది. అద్దం క్లెయిము హక్కును షాపుకు రాసివ్వడం కూడా కొత్త పాలసీలలో చెల్లదు. క్యాలిబ్రేషన్ అవసరమా, తాము చేస్తామా లేదా అన్నది షాపువారు రాతపూర్వకంగా తెలపాలని కూడా ఆ చట్టమే చెబుతున్నది. కాబట్టి బహుమతి ఇస్తామన్నవాడు మొదటి మాటలోనే చట్టం దాటుతున్నాడన్నమాట.

ఫోను దగ్గర పెట్టుకోవడానికి వీలుగా, అడగవలసినవి ఇవి:

1. బాగుచేయవచ్చునా, మార్చవలసిందేనా? ఎందుకు?

2. కొత్త అద్దం కారు తయారీదారుదా, వేరే కంపెనీదా? వాన సెన్సారు, శబ్దం తగ్గించే పొర వంటివి పాత అద్దంలో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయా? మూలన డి.ఓ.టి. గుర్తు ఉన్నదా?

3. షాపు ఆటో గ్లాస్ సేఫ్టీ కౌన్సిల్‌లో నమోదైనదా? మార్చే పనివాడికి సర్టిఫికెట్ ఉన్నదా?

4. ఎన్ని గంటల తర్వాత నడపవచ్చు?

5. క్యాలిబ్రేషన్ ఎవరు, ఎప్పుడు చేస్తారు? ఆ బిల్లు బీమా కడుతుందా? పూర్తయినట్లు కాగితం ఇస్తారా?

6. వాన వస్తే ఏమి చేస్తారు? మన మధ్యాహ్నపు ఉరుముల వాన తెలిసినదే కనుక, ఇంటి దగ్గర మార్పించుకునేవారు ఉదయం వేళే అడగండి.

చిన్న విషయాలు రెండు. అద్దానికి అంటించే రకం సన్‌పాస్ ఊడదీస్తే పనిచేయదు; కొత్తది తెచ్చుకుని ఖాతాలో మార్పించుకోవాలి. ఆసుపత్రి పార్కింగు స్టిక్కరు కూడా ముందే అడిగి ఉంచుకోండి.

బీమా కంపెనీ డబ్బు కడుతుంది, షాపు పని చేస్తుంది. ఆ అద్దం వెనక కూర్చునేది మాత్రం మన పిల్లలు, మనల్ని చూడటానికి సముద్రాలు దాటి వచ్చిన మన పెద్దవాళ్ళు. రోగి ప్రశ్నలు వేస్తే మంచి డాక్టరు విసుక్కోడు. మంచి షాపువాడూ అంతే. విసుక్కున్నాడంటే ఇంకో షాపుకు ఫోను చేయండి. పాలసీ కాగితం అర్థం కానివారు వచ్చే సమావేశానికి దాన్ని వెంట తీసుకురండి, భోజనాల తర్వాత కలిసి చదువుదాం.